నీ కుర్చీకి చెప్పిన జవాబులు

శారదా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అయినా పొద్దున్నే మన ఇంటర్నెట్ సెంటర్ తెరిచాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది?

అప్పడాల సత్యవతి వచ్చింది. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినప్పుడల్లా వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చేయించుకోమని నువ్వు చెబితే, "మా అప్పడాలకి గవర్నమెంటు కాయితం ఎందుకండీ" అని నవ్వేసేది, ఆవిడే. ఇప్పుడు భీమవరంలో కొట్టువాళ్ళు ఆ కాయితం ఉంటేనే సరుకు తీసుకుంటామన్నారట.

సిస్టమ్ ముందు కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. వ్యాపారం పేరేంటి, ఎప్పుడు మొదలుపెట్టావు, ఎంతమంది చేస్తారు? అడిగింది నేనైనా, ఆవిడ ప్రతి జవాబూ పక్కనున్న నీ ఖాళీ కుర్చీకే చెప్పింది. ఇన్నాళ్ళూ అడిగేది నువ్వు, టైపు కొట్టేది నేను. నా మొహం చూసి ఎవరు మాట్లాడారు గనక!

సర్టిఫికెట్ ప్రింటు తీసి ఇస్తే వెంటనే అందుకోలేదు.

"అమ్మగారైతే చదివి వినిపించేవారండి," అంది.

చదివాను. పేరు, ఊరు, అప్పడాల తయారీ. కొంగుతో చేతులు తుడుచుకుని అప్పుడు తీసుకుంది.

వెళ్తూ వెళ్తూ నీ కుర్చీ వైపు తిరిగి, "వెళ్ళొస్తానండీ" అంది. వెంటనే నాలిక్కరుచుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మంచిదమ్మా, మళ్ళీ రా," అన్నాను. అది నీ మాట. మనిద్దరిలో ఎవరో ఒకరం అనాలి కదా.