మీసం మొలిచేదాకా

బావా,

ఘన్‌పూర్‌లో మా పిన్ని కూతురు ఉమ పెళ్ళిచూపులకు పోతున్నా. మూడింటి బస్సుకు వస్తా. అన్నం, పప్పుచారు పొయ్యి మీదున్నాయి.

మన అక్షితను లేపేటప్పుడు ముందు భుజం మీద చెయ్యి పెట్టి ఆగు. నీ గడియారం తడమనివ్వు. నువ్వేనని తెలిశాకే ఎత్తుకో. తినేటప్పుడు కంచం నెట్టేస్తే కడుపు నిండిందని అర్థం, ఇంకో ముద్ద నోట్లో కుక్కకు. నెట్టకుండా నీ చేతికిస్తే మాత్రం వీపు తట్టు, దానికది పండగ.

నిన్న కరిచిందని "దీన్ని గారాబం చేసి చెడగొట్టినవ్" అన్నావు. చూపూ వినికిడీ రెండూ లేని పిల్ల నిన్నెట్ల పోల్చుకోవాలి? ఆరేళ్ళుగా దానికి బాపంటే మీసమే. నువ్వేమో మల్లన్నకు గుండుతోపాటు మీసమూ ఇచ్చి, గుమ్మంలోనే దాన్ని అమాంతం ఎత్తుకున్నావు. ముక్కూ మొహం తెలియని మగాడు ఎత్తుకుంటే నేనైనా కరుస్తా. అయినా మల్లన్న అడిగింది జుట్టే కదా! గుళ్ళో ఆయన మీసం ఆయన భద్రంగానే ఉంచుకున్నాడు.

అన్నట్టు, పొద్దున నువ్వు గురక పెడుతుంటే అది నీ పై పెదవి మీద వేలు పెట్టి వెతికింది. గరుకు తగిలినట్టుంది, అక్కడే వేలు ఉంచి మళ్ళీ పడుకుంది. అందుకే నీ గడ్డం బ్లేడు నా బ్యాగులో వేసుకుపోతున్నా. వెతక్కు.