మొదటిది ఉత్త టికెట్టే

జనవరి 19, ఆదివారం

డ్వేన్‌ని పట్టుకున్నారు. తాగి కారు నడుపుతూ పోస్టాఫీసు ముందున్న జెండా స్తంభాన్ని గుద్దాడు. పట్టపగలు, మూడు గంటలకి. ఫుట్‌బాల్ మ్యాచ్ సగంలో ఐస్ అయిపోయిందట, కొనడానికి బయల్దేరాడట. విస్కాన్సిన్‌లో, జనవరిలో, గుమ్మం ముందు మోకాలిలోతు మంచు పెట్టుకుని, ఐస్ కోసం!

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దేవుడా, ఎవరికీ తగల్లేదు.

రేపు పొద్దున వదులుతారట. అప్పటిదాకా జైల్లోనే.

జనవరి 20

మా ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాను. గొంతు పూర్తిగా పోయింది. రాత్రంతా అరుస్తూనే ఉన్నాడండీ పాపం అని అక్కడి గార్డు చెప్పాడు. వేళ్ళ కణుపులు చర్మం లేచిపోయి ఉన్నాయి, తలుపు బాది బాది.

ఎందుకో నాకు తెలుసు. ఇరవై ఒకటో ఏట వాళ్ళ బాబాయి పొలంలో, మొక్కజొన్న గింజలు నిలవచేసే సైలోలో గొంతుదాకా కూరుకుపోయాడు. పైకి లాగేసరికి ఐదు గంటలు పట్టింది. అప్పట్నుంచీ మూసిన గదిలో ఉండలేడు. మా బాత్రూం తలుపుకి గడియ లేదు. పడగ్గది కిటికీ ఏడాది పొడుగునా జానెడు తెరిచే ఉంటుంది, మైనస్ ఇరవైలో కూడా. కొత్తలో ముక్కు బిగుసుకుపోయి పోట్లాడేదాన్ని. ఇప్పుడు నాకూ అలవాటైపోయింది.

ఒక్క రాత్రికే ఇలా అయ్యాడు. అతన్ని మళ్ళీ లోపలికి పంపకూడదు. ఏం చేసైనా సరే.

జనవరి 20, మధ్యాహ్నం 4

చట్టం చదివాను. ఇక్కడ మొదటిసారి తాగి నడిపితే నేరమే కాదు, స్పీడుగా వెళ్ళినందుకు ఇచ్చినట్టు ఓ టికెట్ ఇస్తారు. దేశంలో ఇంకెక్కడా ఇంత మర్యాద లేదట. రెండోసారికి జైలుంది, కానీ మొదటిది జరిగి పదేళ్ళు కాకపోతేనే. డ్వేన్‌కి ఇదివరకు ఒకటే, 2009లో. పదహారేళ్ళయింది. అంటే ఇదీ మొదటిదాని కిందకే వస్తుంది. ఫైను కడతాడు, లైసెన్స్ కొన్నాళ్ళు పోతుంది, ఊదితేగానీ స్టార్టవని మిషను కారులో పెడతారు. జైలు లేదు. జైలు లేదు.

వెళ్ళి చెప్పాను. తల ఊపాడు, నా మొహం మాత్రం చూడలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

జనవరి 28

మూడోసారి అని కేసు పెట్టారు!

కోర్టువాళ్ళు ఇచ్చిన లాయరు, నైగ్రెన్ అనే ఆవిడ, ఫోన్ చేసి చెప్పింది. మూడోదైతే నేరమేనట. తక్కువలో తక్కువ నలభై ఐదు రోజులు, ఎక్కువైతే ఏడాది జైలు. పదేళ్ళ గడువు రెండోదానికే వర్తిస్తుందట, మూడో లెక్కకొచ్చేసరికి పాతవన్నీ లేచి కూర్చుంటాయట. పొరపాటు పడ్డారండీ, మా ఆయనకి ఒకటే ఉంది అన్నాను. మీరే చూసుకోండమ్మా, వెబ్‌సైట్‌లో ఉందిగా అంది.

ఈ ఊళ్ళో కోర్టు వెబ్‌సైట్ చూడనివాళ్ళెవరు? అద్దెకొచ్చేవాళ్ళ పేరు, కూతురు తెచ్చుకున్న కుర్రాడి పేరు, కొత్తగా వచ్చిన పాస్టరు పేరు, అందరివీ కొట్టి చూస్తాం. కాఫీ తాగుతూ నేనూ ఊరందరివీ చూశాను. మొగుడి పేరు మాత్రం ఎప్పుడూ కొట్టలేదు.

కొట్టాను. రెండున్నాయి. ఒకటి 2009. దాని కింద ఇంకొకటి, 10 అక్టోబర్ 1998.

జనవరి 28, సాయంత్రం

అడిగేశాను. అరిచేశాను. అప్పటికి మా పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. నాకు చెప్పకుండా ఎక్కడ తాగావు, కారులో ఎవతె ఉంది, ఇన్నేళ్ళు ఎలా దాచావురా అని. డ్వేన్ బూట్లకి అంటుకున్న మంచు గీక్కుంటూ, గుర్తులేదు రాక్సీ, ఏదో అయ్యుంటుందిలే, వదిలెయ్ అన్నాడు. అబద్ధాలకోరు అన్నాను. ఇంకా చాలా అన్నాను. తాగుబోతు కొంపలో చచ్చాను అని కూడా అన్నాను.

జనవరి 30

సెలవు పెట్టి కోర్టు క్లర్కు దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ, మార్లిస్. అప్పటి టికెట్ల కాగితాలు ఎప్పుడో చింపేశాం తల్లీ, కంప్యూటర్లో ఈ ఒక్క లైనే మిగిలింది అంది. కళ్ళజోడు పైకి తోసుకుని చదివి పెట్టింది. శనివారం. కౌంటీ రోడ్ కె, వంతెన దగ్గర. మీ ఆయన కోర్టుకి రాలేదమ్మా, నేను వాదించను అని సంతకం పెట్టి పోస్టులో పంపేశాడు, మొదటిది ఉత్త టికెట్టేగా, అందరూ అలాగే చేస్తారు అంది.

థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చుండిపోయాను.

అది నేను.

జనవరి 30, మళ్ళీ

ఆ రోజు నా స్నేహితురాలు కార్లా పెళ్ళి. బ్రాందీ ఓల్డ్ ఫ్యాషన్ కాక్‌టెయిళ్ళు తాగాను, గ్లాసు మీద గ్లాసు. డ్వేన్ కూడా తాగాడు, నా అంత కాదు. నువ్వు తూలుతున్నావు, నేను బాగానే ఉన్నానని తాళాలు లాక్కున్నది నేనే. ఇంకా వెలుతురుంది. వంతెన దగ్గర కారు పక్క కాలవలోకి దిగిపోయింది. దూరంగా పోలీసు కారు వస్తోంది. నాలుగు రోజుల్లో నా నర్సింగ్ బోర్డు పరీక్ష. డ్వేన్ నన్ను నడుం పట్టుకుని తన మీదుగా అటు జరిపేసి స్టీరింగు ముందుకి వచ్చేశాడు. ఉత్త టికెట్టే రాక్సీ, నువ్వు నోరెత్తకు అన్నాడు.

ఎత్తలేదు. ఇరవై ఆరేళ్ళు. పైగా మర్చిపోయాను కూడా! ఎలా మర్చిపోయానో నాకే అర్థం కావడం లేదు. ఆ తర్వాత నేను చుక్క ముట్టలేదు, అది మాత్రం ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. నన్ను చూసి నేర్చుకో అని ఎన్ని వందలసార్లు అన్నానో. 2009లో నెల రోజులు మాట్లాడలేదు. మొన్న అన్ని మాటలన్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా అనొచ్చుగా అతను.

ఆ టికెట్ లేకపోతే ఇప్పుడు జైలే లేదు. నా టికెట్ వల్ల అతను లోపలికి పోతున్నాడు.

ఫిబ్రవరి 3

నైగ్రెన్‌కి అంతా చెప్పేశాను. నవ్వలేదు, జాలీ పడలేదు. కారు నేనే నడిపానని రాసిచ్చే భార్యలు నెలకి ఇద్దరొస్తారండీ అంది. మీది నిజమే కావచ్చు, కానీ కాగితాల్లేవు, సంతకం ఆయనది. ప్రమాణపత్రం రాసివ్వండి, మీ ఆయన కూడా అదే మాట చెప్పాలి, అప్పుడైతే అవతలి లాయరుతో బేరమాడి చూస్తాను, ఆయన చెప్పకపోతే మీ కాగితం పొయ్యిలోకే అంది.

సందు దొరికింది. చిన్నదే. చాలు.

ఫిబ్రవరి 5

ప్రమాణపత్రం మీద నోటరీ ముద్ర కావాలి. మా ఊరి నోటరీ కార్లానే, బార్ నడుపుతుంది. బీరు కౌంటరు తుడిచి కాగితం పెట్టించింది. చదివింది. నా పెళ్ళి కేకు కూడా నువ్వే కూలదోశావు, అది కూడా రాయవే అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ముద్ర వేసింది. ముద్ర పక్కన బీరు తడి అంటుకుంది.

ఫిబ్రవరి 9

డ్వేన్ ఒప్పుకోవడం లేదు.

కాగితం చూపించాను. కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. మొన్నటి మాటలకి క్షమించమన్నాను. క్షమించడానికేముంది, నువ్వు తిట్టినవి నాకు కొత్తా అన్నాడు. నీ నర్సు లైసెన్స్ పోతే ఆ నర్సింగ్ హోమ్‌లో ముసలాళ్ళకి దిక్కెవరు అన్నాడు. లైసెన్స్ పోతే పోనీ, నువ్వు ఆ గదిలో బతకవు డ్వేన్ అని అరిచాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

తర్వాత అన్నాడు. తాగి నేను చేసినవన్నీ వెధవ పనులే రాక్సీ. అదొక్కటే మంచి పని. దాన్ని కూడా లాక్కోకు.

మార్చి 2

రోజూ అడుగుతున్నాను. రోజూ అదే.

మార్చి 16

ఇవాళ కోట్లు పెట్టుకునే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ప్రాక్టీసట. నలభై సెకన్లకి బయటపడ్డాడు, చొక్కా తడిసి ముద్దయింది. రేపు మళ్ళీ చేస్తాడట. ఆపలేకపోయాను.

ఏప్రిల్ 8

కోర్టు.

జడ్జి పాతవి చదివి ఒక్కోటీ మీదేనా అని అడుగుతాడని నాకు తెలీదు. 2009 మీదేనా అన్నాడు. నాదేనండీ అన్నాడు డ్వేన్. 10 అక్టోబర్ 1998 మీదేనా అన్నాడు.

నేను లేచాను. అది నాదండీ అన్నాను. గట్టిగానే అన్నాను. కాగితం పైకెత్తి చూపించాను. నైగ్రెన్ కళ్ళు మూసుకుంది. ఎవరీమె అని జడ్జి అడిగాడు. డ్వేన్ వెనక్కి తిరక్కుండానే, మా ఆవిడండీ, ఇంట్లో ఏం పోయినా తనే పారేశానంటుంది, అది నాదే అన్నాడు.

జనం నవ్వారు. జడ్జి కూడా కాస్త నవ్వి, కూర్చోండమ్మా అన్నాడు.

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నాను?

ఏడు నెలలు. స్తంభం విరగ్గొట్టినందుకు ఎక్కువ పడిందట. ఇంటి దగ్గరే కాలికి నిఘా పట్టీ కట్టి ఉంచమని నైగ్రెన్ అడిగింది, మూడోసారివాళ్ళకి ఈ కౌంటీలో ఇవ్వరట. పక్క తలుపులోంచి తీసుకెళ్ళేటప్పుడు డ్వేన్ నా వైపు చూసి భుజాలెగరేశాడు, ఐస్ కోసం వెళ్తున్నవాడిలాగే.

ఏప్రిల్ 13

చూడటానికి వెళ్ళాను. మధ్యలో గాజు పలక. చిక్కిపోయాడు. గొంతు మళ్ళీ పోయింది. ఫోన్ ఎత్తి వినడమే, నేను చెప్తుంటే తల ఊపాడు. వేళ్ళకి కట్టు కట్టారు. తలుపు మూసినప్పుడు ఏం చేస్తున్నావని అడిగాను. గాజు మీద వేలితో ఏదో గీశాడు. వంతెన అనుకుంటాను.

ఇంటికొచ్చి వెబ్‌సైట్‌లో నా పేరు కొట్టాను. పెళ్ళికి ముందు పేరుతో కూడా కొట్టాను. ఏ రికార్డూ లేదని వచ్చింది.

ఏప్రిల్ 20, ఈస్టర్

కోట్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. తొమ్మిది నిమిషాలు. అంతకంటే ఉండలేకపోయాను.