అద్దంలోంచి ఆ ఫోటో దించెయ్ బావా

మల్కాపురంలో ఉన్న బావకీ, మా అప్పకీ, కాంబోడియాలో ఏటి ఒడ్డునున్న మీ అప్పలస్వామి రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను బావా. మూడు రోజులు పెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టాను. ఫోన్లో చెప్దామంటే నీ సంగతి నాకు తెలుసు. వాయిస్ మెసేజ్ సగం విని, రెండో సగం వినకుండానే నలుగురికి పంపేస్తావు. కాయితమైతే చివరిదాకా చదవక తప్పదు. మా అమ్మాయి కంపెనీలో పనిచేసే గాజువాక ఆయన సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

మీరంతా ఎలా ఉన్నారు? అప్ప మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పొద్దున్నే మెట్లు దిగొద్దని చెప్పు. వినదని తెలుసు, అయినా చెప్పు. నేను బావున్నాను. బీపీ మాత్రలు మానలేదు. భవానీ బావుంది. అచ్యుతాపురంలో చేసినట్టే ఇక్కడా బట్టల కుట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పనే. పొద్దున్న వెళ్తే దీపాలు పెట్టే వేళకి వస్తుంది. అందాకా ఇంట్లో నేనూ, గోడ మీద బల్లీ. ఇక్కడి బల్లి మనూరి బల్లిలా టిక్కుటిక్కుమనదు, మనిషిని పిలిచినట్టు కేకేస్తుంది. అది ఏ శకునమో ఏ పంచాంగంలోనూ లేదు. అందుకని మంచికీ చెడ్డకీ రెంటికీ సిద్ధపడి కూర్చుంటున్నాను.

తిండికి ఇబ్బంది లేదు, బెంగపడొద్దు. అన్నమే, చేపే. చేపల్ని ఉప్పేసి ఊరబెట్టి ముద్ద చేస్తారు. ఆ వాసనకి మొదటి వారం ముక్కు మూసుకున్నాను. నెత్తళ్ళ చేపలు ఎండబెట్టే వీధిలో పుట్టినోడికి ముక్కు మూసుకునే అధికారం లేదని రెండో వారానికి గుర్తొచ్చింది.

వానలు మాత్రం గట్టిగా పడుతున్నాయి. ఇక్కడ మెకాంగ్ అని పెద్ద నది, దాంట్లో కలిసే ఇంకో ఏరు ఉన్నాయి. వానాకాలంలో నది పొంగితే ఆ ఏరు వెనక్కి తిరిగి పారుతుంది. నిజం బావా, ఒట్టు. కొన్ని నెలలు ఇటు, కొన్ని నెలలు అటు. భవాని నన్ను తీసుకెళ్ళి చూపించి, నేను నోరు తెరుస్తానని ఎదురుచూసింది. కూర్మన్నపాలెం జంక్షన్లో ఆటోలు రాంగ్ రూట్లో రావడం చూసినోణ్ణి, నాకు అంత వింతగా తోచలేదు.

దారి తప్పాను. చెప్పాల్సింది ఆ ఏటి ఒడ్డు సంగతే.

అక్కడ పడవల్లోనే కాపురముండే ముస్లింలు ఉన్నారు. చామ్ వాళ్ళంటారు. వంటా నిద్రా పురుళ్ళూ అన్నీ పడవలోనే. వాళ్ళని ఫోటోలు తీయడానికి దేశదేశాల నుంచి టూరిస్టులు వస్తారు. నా మోచెయ్యంత లెన్సులు. నవ్వే మనిషి జోలికి పోరు. చిరిగిన వల, అడుగంటిన గిన్నె, ముడతలు పడ్డ మొహం కనిపిస్తే చాలు, బురదలో మోకాళ్ళ మీద కూర్చుంటారు. నాకు మొదట్లో నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు వన్‌టౌన్ ఫోటో స్టూడియోలో నువ్వూ నేనూ చేసిందేటి? పోర్టులో బొగ్గు దించే సింహాచలం వచ్చి మన కుళాయి కింద అరగంట కడుక్కుని, మన కోటు తొడుక్కుని, చేతుల నలుపు పోలేదని జేబుల్లో పెట్టుకుని నిలబడితే, నువ్వు "లాటుసాయిబులాగున్నావురా, కదలకు!" అన్లేదూ? మన దగ్గరికొచ్చినోడు ఎలా కనబడాలనుకుంటే అలా తీసి పంపాం.

నవ్వాను సరే. నెల తిరక్కుండా నేనూ బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ టూరిస్టుల్లో ఒకాయన నా పాత కెమెరా చూసి భుజం తట్టాడు. తోటి కళాకారుణ్ణి అనుకున్నాడో ఏమో. జన్మలో నన్నెవరూ అలా తట్టలేదు.

ఆ పడవల వాళ్ళలో మరియం అని ఒకావిడ ఉంది. యాభై ఏళ్ళుంటాయి. రోజూ ఆవిడ పడవ కాడే చేపలు కొంటాను. నాకు వాళ్ళ మాటలు పది వచ్చు, ఆవిడకి నా మాట ఒకటి వచ్చు, "బావా". నేను నీతో ఫోన్లో మాట్లాడ్డం విని నేర్చుకుంది. నన్నే "బావా" అని పిలిచి చేప తూస్తుంది. నేను దిద్దలేదు. ఈ ఊళ్ళో నన్ను పిలిచే మనిషి ఆవిడొక్కతే.

కిందటి నెల మిట్టమధ్యాహ్నం గాలీ వానా కొట్టాయి. ఆవిడ పడవలోకి నీళ్ళొచ్చేశాయి. మొగుడు ఊళ్ళో లేడు. కోసిన నూనె డబ్బాతో నీళ్ళు తోడుతోంది. తలకి చుట్టుకునే గుడ్డ ఎటో కొట్టుకుపోయింది. జుట్టంతా మొహానికి అంటుకుని, నోరు తెరిచి ఎవర్నో కేకేస్తోంది. నేను ఒడ్డున రేకుల షెడ్డు కింద నిలబడి తీశాను. ఒకటి కాదు, పదో పదిహేనో తీశాను. తర్వాత పక్క పడవల వాళ్ళొచ్చి తోడారు. నేను వెళ్ళలేదు. లెన్సు తడుస్తుందని వెళ్ళలేదు.

అందులో ఒకటి నీకు పంపాను. ఆపైన జరిగింది నీకు తెలుసు. పోస్టరంత చేయించి స్టూడియో ముందు రోడ్డువైపు అద్దంలో పెట్టావు. "ఒరే బామ్మర్దీ, జనం ఆగి మరీ సూత్తన్నారురా! టౌనులో పెద్ద ఫోటోల ఎగ్జిబిషనంట, గుమ్మం ఎదురుగా నీ ఫోటోయే అంట, కింద నీ పేరు ఏత్తారంట!" అని అరిచావు. ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. నలభై ఏళ్ళ పాస్‌పోర్ట్ ఫోటోల కింద ఎవడి పేరు వేస్తారు చెప్పు?

నువ్వు పంపావే, అద్దం ముందు నలుగురు నిలబడి చూస్తున్న ఫోటో, దాన్ని తీసుకెళ్ళి మరియానికి చూపించాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆదివారం, కంపెనీలో వాళ్ళ మాటలు నేర్చుకున్న భవాని కూడా వచ్చింది. ఆవిడ ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది. చూస్తూనే తల మీది గుడ్డ ముందుకి లాక్కుంది. గుడ్డ సరిగ్గానే ఉంది, అయినా లాక్కుంది. ఏదో అడిగింది.

"ఏటంటంది?" అన్నాను.

భవాని నా మొహం చూడలేదు. "ఆ రోడ్డంట ఎంతమంది మగోళ్ళు ఎల్తారు అని అడుగుతంది నాన్నా."

వన్‌టౌన్ మెయిన్‌రోడ్డు. పొద్దుటి నుంచి షట్టర్లు వేసేదాకా ఎవడు వెళ్ళడు?

"నువ్వు మనూళ్ళో సాయిబుల ఆడోళ్ళని తియ్యలేదేటి నాన్నా? తెల్దేటి నీకు?" అంది భవాని దారిలో.

తెలుసు. అదే కదా బావా. వాళ్ళొస్తే, ముసుగు సర్దుకోడానికి నువ్వు తెర వేసేవాడివి. నేను గోడవైపు తిరిగి లెన్సు తుడుస్తూ నిలబడేవాణ్ణి. "అయిపోయింది భాయ్, తియ్యండి" అని లోపల్నుంచి అంటే గానీ మనం తిరిగేవాళ్ళం కాదు. చుట్టాల పెళ్ళిళ్ళలో కూడా ఆడోళ్ళు సర్దుకుంటుంటే గోడవైపు తిరిగే ఆ అలవాటు, పరాయి ఊరు రాగానే ఎటు పోయిందో. మనమెవరో ఇక్కడ ఎవరికీ తెలీదు గదా అనుకున్నాను కాబోలు.

మరియం తిట్టలేదు. తిడితే పోయేది. మర్నాటి నుంచి నేను వెళ్తే లోపలికి పోయి కోడల్ని పంపుతోంది. కోడలు మంచి పిల్లే, తూకం సరిగ్గానే తూస్తుంది. "బావా" అనదు.

ఆ తర్వాతి ఆదివారం భవానిని వెంటబెట్టుకుని వెళ్ళి, దించేయిస్తానని చెప్పించాను. మంచిది ఇంకోటి తీసి పెడతానన్నాను. అది వద్దంది. "ఖాళీ అద్దం ఫోటో తీసి సూపించు, అప్పుడు నమ్ముతాను" అంది. అంతే.

కాబట్టి బావా, నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. నువ్వు ఎగ్జిబిషను ఆయనకి మాటిచ్చావు. మా బామ్మర్దికి అక్కడి నీళ్ళు పడక మతి చెడిందని చెప్పు, నమ్ముతాడు. ఆ ఫోటో దించెయ్. చుట్టి అటక మీద పెట్టొద్దు, చింపెయ్. నీ ఫోన్లో తీసెయ్, ఎవరెవరికి పంపావో వాళ్ళనీ తీసెయ్యమను. అందరూ తీసేస్తారని నేను అనుకోవడం లేదు, అయినా అడుగు. ఆ తర్వాత ఖాళీ అద్దాన్ని ఒక ఫోటో తీసి పంపు. మన బోర్డు కనిపించేలా తియ్, లేకపోతే ఏదో అద్దం అనుకుంటుంది. నీ నీడ పడకుండా చూసుకో, ఫోటోలో నీడ పడెయ్యడం నీకెప్పుడూ అలవాటే.

ఇంకొక చిన్న పని. గాజువాక ఆయన తిరిగొచ్చేటప్పుడు మాడుగుల హల్వా అరకేజీ ఇచ్చి పంపు. భవాని అడగమంది. అడగమన్నది భవానే, నేను కాదు.

అప్ప కాళ్ళకి దండాలు. నన్ను చల్లగా ఉండమని ఒక్కసారి మనసులో అనుకోమను, ఇక్కడికి అందుతుంది. మల్కాపురంలో నన్ను అడిగినోళ్ళందరికీ, అడగనోళ్ళకీ కూడా నా నమస్కారాలు. మాకేం ఫర్వాలేదు, బావున్నాం, బెంగ వద్దు.

మీ దీవెనలు కోరే,
అప్పలస్వామి

కవరు అంటించకముందే ఇది కూడా రాసేస్తున్నాను. పొద్దున్న ఏటి కాడికి వెళ్ళాను. టూరిస్టుల పడవ ఒకటి మరియం పడవ పక్కకి వచ్చి ఆగింది. ఆవిడ వల విప్పుకుంటోంది. ఒకాయన పెద్ద కెమెరా ఎత్తాడు. ఆవిడ చెయ్యి చూపించి ఆగమంది. వల పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తల మీది గుడ్డ సరిచేసి పిన్ను పెట్టుకుంది. పీట మీద నిటారుగా కూర్చుని, తియ్యమన్నట్టు తలూపింది. ఆయన కెమెరా దించేసి, పక్క పడవలో కుక్క ఉంటే దాన్ని తీసుకున్నాడు. వాళ్ళ పడవ వెళ్ళిపోయింది. ఆవిడ కాసేపు అలాగే కూర్చుని, మళ్ళీ వల అందుకుంది.