పెరట్లో కొట్టిన గడ్డిమందు

శనివారం రాత్రి, శావల్యాపురం

నా మొదటి మూలికల మడిని చంపింది మా నాన్నే. మిరప చేలో మిగిలిన గడ్డిమందు తెచ్చి పెరట్లో కొట్టేశాడు. కామెర్లకు వేసిన నేల ఉసిరి, దిష్టి తీయడానికి పెంచిన ఉత్తరేణి, అన్నీ మాడిపోయాయి.

నేను అరిచాను. "ఏందిరా ఆ కేకలు? చేలో కూలోళ్లను పెట్టి పీకించే కలుపుకి ఇంట్లో నీళ్లు పోస్తావా?" అన్నాడు. పురుగుమందుల దోపిడీ మీద కరపత్రాల్లో చదివిందంతా వల్లించాను. నవ్వాడు.

ఆకు తడిమి ఏది ఏ మొక్కో చెప్పింది నాయనమ్మ. ఇప్పుడు నా పేరే మరిచిపోతోంది. దిష్టిని నేను నమ్మను, అయినా దిష్టి తీసేటప్పుడు ఆమె చదివే మంత్రం రాసుకోవాలనుకున్నాను. ఇంకెవరిని అడగాలి?

నాయనమ్మకు తెలిసిన మూలికలన్నీ రాసుకుందాం రమ్మని వీధిలో ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. ఒక్కరూ వస్తామనలేదు. అయినా సరే, ఇది చదివిన వాళ్లైనా రేపు పొద్దున ఆరింటికి నాయనమ్మ మంచం దగ్గరికి రండి. ఆమెకు గుర్తున్నంత వరకైనా రాసుకుందాం.