ఎడమవైపు మృదంగం

కాపెల్, టెక్సస్
శనివారం, నవంబరు 9, 2024

అన్నయ్యకూ వదినకూ కాపెల్ నుంచి చంద్రిక నమస్కారాలు. ఫ్రీమాంట్‌లో మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ కులాసాయే, నా కంప్యూటర్‌కే ఒంట్లో బాగాలేదు.

ఫోన్ చేయకుండా ఇంత పొడుగు ఈమెయిల్ ఏమిటని విసుక్కోకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెడతావు, వదిన వంటింట్లోంచి మాట్లాడుతుంది, మధ్యలో మిక్సీ కూడా తన మాట తాను చెబుతుంది. నాకు ఒక్క ముక్కా అర్థం కాదు. పైగా ఆడియో సంగతి నోటితో అడిగితే నువ్వు గంటసేపు క్లాసు తీసుకుంటావని నాకు అనుభవమే. రాస్తే నిదానంగా చదువుకుంటావు.

పోయిన వారం రెండు ముక్కల్లో రాసిన సంగతే, ఈసారి మొదటినుంచి చెబుతాను. కిందటేడు మీరు ఇక్కడికి వచ్చినప్పుడు మా హాల్లో వదిన పాడగా, నువ్వు మృదంగం వాయించగా, డాలస్ కుర్రాడొకడు వయొలిన్ పట్టుకోగా రికార్డు చేసుకున్నాం కదా. ఆఫీస్ పని అయ్యాక రోజూ అదే వింటాను. విడిపోయినప్పుడు శశికాంత్ సోఫానీ స్పీకర్లనీ పట్టుకుపోయాడు. నాకు మిగిలింది నువ్వు నా పుట్టినరోజుకి కొనిచ్చిన ఆ పెద్ద హెడ్‌ఫోన్స్. అవి పెట్టుకుంటే వదిన మధ్యలో, వయొలిన్ కుడివైపు, నువ్వు ఎడమవైపు. ఎవరి చోట్లో వాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. ఈ ఇంట్లో నాకున్న మనుషులు ఆ ముగ్గురే. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఎందుకో నువ్వు పల్చబడిపోయావు. పక్కింట్లో ఎవరో తలుపు వేసుకుని మృదంగం వాయిస్తున్నట్టుంది. నువ్వు ఎప్పటిలా నా పక్కన మోగాలి అన్నయ్యా. ఈ తంటా అంతా అందుకే.

ల్యాప్‌టాప్ జాక్ అంత పెద్ద హెడ్‌ఫోన్స్‌ని మోయలేదని, బయటినుంచి శబ్దానికి బలమిచ్చే హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి తగిలించాలని నువ్వెప్పుడో అన్నావు. ఆ మాట పట్టుకుని ముందు బొటనవేలంత ఉండే డాంగిల్ ఆంప్ తెప్పించాను. అన్నీ గట్టిగా వినిపించాయి, నువ్వు తప్ప. వాపసు ఇచ్చేశాను. తర్వాత రివ్యూలన్నీ నమిలి మింగి, గుండ్రటి వాల్యూమ్ నాబ్ ఉన్న నల్ల పెట్టె తెప్పించాను. దాని పనితనం చెప్పడానికి లేదు. వదిన చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. వయొలిన్ మీద కమాను వెనక్కి తిరగడం తెలిసింది. నువ్వు మాత్రం ఇంకా పక్కింట్లోనే. అదీ వాపసు. రిటర్న్ కౌంటర్లో పిల్ల ఇప్పుడు నన్ను చూడగానే చాండ్రికా అని పేరు పెట్టి పలకరిస్తోంది. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ప్రస్తుతానికి ఆ పిల్ల ఒక్కతే.

మిగతావాళ్ళ గొడవ నీకు రాయకూడదనుకున్నాను, చేతులు ఊరుకోవడం లేదు. ఎడమ పక్కింటి జయంతి నాతో మాటలు మానేసింది. డ్రైవ్‌వేలోంచి ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పకుండా మెయిల్‌బాక్స్ దాకా నడిచి వెళ్ళిపోయానట, నాకు ఒళ్ళంతా పొగరేనని నలుగురి దగ్గరా అందట. దీపావళికి తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఇంకో ఘనకార్యం చేశాను. పక్కన కూర్చున్న సుధ తనని ఉద్యోగంలోంచి లేఆఫ్ చేశారని చెప్పుకుందట. పిల్లల డాన్స్ ప్రాక్టీసు గోలలో నాకేమీ అందలేదు. ఏదో శుభవార్తే అయి ఉంటుందనుకుని నవ్వుతూ కంగ్రాట్స్ చెప్పి, పార్టీ ఎప్పుడిస్తున్నావని అడిగాను. ఆమె ప్లేటు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. విషయం తెలిశాక సారీ చెబుతూ మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఆ తర్వాత నన్ను ఎవరూ ఎక్కడికీ పిలవడం లేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీస్ కాల్ ముగిస్తే, మళ్ళీ సోమవారం పొద్దున దాకా నేను నోరు విప్పే పనే ఉండటం లేదు. దాచుకుని ఏం లాభం, చాలా ఒంటరిగా ఉంది అన్నయ్యా.

సరే, అసలు విషయానికి వస్తాను. పోయిన వారం మెయిల్‌లో నువ్వు చేసి చూడమన్నవి చేశాను. కేబుల్ మార్చాను. సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ ఎటూ జరగలేదు, నడిమధ్యనే ఉంది. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో పెట్టి విన్నా ఇదే వరస. ఫైల్ పాడయిందేమోనని నీ కంప్యూటర్‌లో ప్లే చేసి చూశావు, అక్కడ బ్రహ్మాండంగా మోగుతున్నావని రాశావు. నీ గురించి నువ్వే అలా రాసుకోవడం నీకు కొత్తేమీ కాదనుకో. ఇక మిగిలినవి రెండు దారులు. పాత డెస్క్‌టాప్ విప్పించి లోపల మంచి సౌండ్ కార్డు పెట్టించడం, లేదా ఎడమకీ కుడికీ వేర్వేరు సర్క్యూట్లున్న ఖరీదైన ఆంప్ కొనుక్కోవడం. ఏది తీసుకోమంటావు? లింకులు పంపు, లెక్చర్ వద్దు. వదిన మోకాలు ఎలా ఉందో కూడా రాయి.

ఇక ఉంటాను.

నీ చెల్లెలు,
చంద్రిక

తా.క.: పంపబోయి ఆగాను. నువ్వు చేసి చూడమన్నవాటిలో ఒకటి పైన రాయలేదు. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకోమన్నావు, ఎడమది కుడిచెవికి, కుడిది ఎడమచెవికి. సోమవారం పెట్టుకున్నాను. నువ్వు వెంటనే వచ్చేశావు అన్నయ్యా. నీ వేళ్ళు పడిన ప్రతి దెబ్బా వినిపించింది. వయొలిన్ పోయింది. హెడ్‌ఫోన్స్ తీయకుండానే ఏడ్చాను.

గురువారం చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. బయటి చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడిచెవికి బాగానే నొక్కాను. ఎడమచెవి వంతు వచ్చినప్పుడు, ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటూ బటన్ పట్టుకుని కూర్చున్నాను. అంతలో తలుపు తీశారు. పరీక్ష అయిపోయిందన్నారు.

లోపల నరం దెబ్బతిందట. మొదటి రెండు వారాల్లో వచ్చి ఉంటే మందులతో ప్రయత్నించేవాళ్ళమని, ఇప్పుడు పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ నెమ్మదిగా చెప్పింది. ఆ రెండు వారాలూ నేను ఆంప్‌ల రివ్యూలు చదువుతూ కూర్చున్నాను. పాడయింది యంత్రమే అనుకున్నాను గానీ నా చెవి అనుకోలేదు.

జయంతికీ సుధకీ ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను. అన్నీ తెలిసి కూడా పైన ఆంప్ గురించే రాసుకుంటూ పోయాను, ఆ సంగతి ఇక వదిలెయ్. థాంక్స్‌గివింగ్‌కి టికెట్లు బుక్ చేసుకుని ఇద్దరూ రండి. మృదంగం తెచ్చుకో. వాయించేటప్పుడు నా కుడిపక్కన కూర్చో.