చివరి మలుపు దాకా

గ్రీజు చేతులు తుడుచుకుని మరీ ఇది చదవాల్సిన అన్నయ్యకు,

ముందు స్టూలు మీద కూర్చో. నేను కరెంటు సైకిలు కొన్నాను. కొండదారుల కోసం చేసినది, లావు టైర్లది. నీ కనుబొమ్మలు ముడిపడడం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. "మోటారున్న సైకిలు నా కొట్టు గడప తొక్కదు" అని ఎంతమందిని వెనక్కి పంపావో నాకు తెలుసు. ఆ మాట అంటూ గోడ మీద నా ఫోటో చూపిస్తావనీ తెలుసు. కొండ మీద సైకిలు పట్టుకుని, చెమటలు కారుతూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న పద్నాలుగేళ్ళ పిల్ల. "మా చెల్లి. కాలు కింద పెట్టకుండా ఒక్కతే ఎక్కింది. ఇప్పటికీ ఎక్కుతోంది" అంటావు.

ఆ "ఇప్పటికీ" అన్నది ఏడాదిగా అబద్ధం అన్నయ్యా. నువ్వు పక్క ఊళ్ళో రిపేరు కొట్టు పెట్టుకున్నావు గానీ నేను అదే కొండ కింద ఉన్నాను. నీళ్ళ పైపులైను వెంట వాల్వులు చూసుకుంటూ పై ట్యాంకు దాకా వెళ్ళడమే కదా నా ఉద్యోగం. చివరి మలుపు రాగానే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. వెనక్కి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, దిగి తోసుకుంటూ వెళ్తున్నాను. నలభై రెండేళ్ళ మనిషిని, దొంగలా. నీకు ఫోన్లో మాత్రం "కొండకేం, రోజూ ఎక్కేదేగా" అంటూ వచ్చాను. నీ ముందు చిన్నబోవడం కన్నా అబద్ధమే తేలికనిపించింది.

పోయిన నెల సూపర్‌వైజరు పిలిచి, "ట్యాంకు రిపోర్టు మధ్యాహ్నం దాటితే గానీ రావట్లేదు. కష్టంగా ఉంటే చెప్పండి, బిల్లుల సెక్షనుకి మార్పిస్తాను. హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చు" అన్నాడు. మంచికే అన్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి నీళ్ళు నా చేతి మీదుగా దిగుతున్నాయి. ఆ కొండ నాది. "ఒక్క నెల చూడండి సార్" అని వచ్చేశాను.

సైకిళ్ళ కొట్టుకి వెళ్ళి ఏం చేశానో చెబితే నవ్వుతావు. మనింటి పద్ధతే. వరసగా నిలబెట్టిన బళ్ళని ఒక్కొక్కటే ఒంటిచేత్తో ఎత్తి చూశాను, నాన్న ఎత్తినట్టు, నువ్వు ఎత్తినట్టు. ఏది తేలిగ్గా లేస్తే అదే మంచిదన్నాను. కొట్టావిడ నాలుగు రోజులు తొక్కి చూసుకోమని దాన్నే ఇచ్చింది. పనిముట్ల సంచీ కట్టుకుని ఎక్కితే సగం కొండకే వెనక చక్రంలోని మోటారు కుతకుతలాడింది, చిన్న బ్యాటరీ చేతులెత్తేసింది. మళ్ళీ తోపుడే. తిరిగి తీసుకెళ్తే ఆవిడ, "ఎత్తుకుని తిరగడానికి కొంటున్నారా అమ్మా, తొక్కడానికా?" అంది.

తర్వాత ఆవిడ అడిగినన్ని ప్రశ్నలు నా మోకాళ్ళ డాక్టరు కూడా అడగలేదు. దారి మట్టా, రాళ్ళా? రోజుకి ఎన్నిసార్లు? సంచీ బరువెంత? దిగేటప్పుడు భయం ఎక్కడ? చివరికి తేలిందేమంటే, నా కొండకి మోటారు పెడళ్ళ దగ్గరే ఉండాలి, అప్పుడు గేరు తగ్గిస్తే ఏటవాలులో దానికీ తేలిక. బ్యాటరీ పెద్దది కావాలి. స్ప్రింగులు ముందు ఉంటే చాలు, వెనక సంచీ కట్టే స్టాండు ముఖ్యం. బరువుతో దిగాలి కాబట్టి డిస్కు బ్రేకులు. మన పద్ధతిలో ఎత్తబోతే అంగుళం కూడా లేవలేదు. దాని మీదే చివరి మలుపు ఎక్కాను అన్నయ్యా, సంచీతో సహా, కాలు కింద పెట్టకుండా. తొక్కింది నేనే, తొక్కకపోతే అది సాయం చెయ్యదు. పైన ట్యాంకు గోడ మీద చెయ్యేసి, ఎవరూ లేరు కదా అని గట్టిగా అరిచాను.

ఫోటో ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం తల దించుకోను.

నీ బుడంకాయ


తల దించుకోని బుడంకాయకి,

చేతులు తుడుచుకోలేదు. ఈ మరకలు వాటివే. కోపం వచ్చింది, దాచను. మోటారు మీద కాదు, ఏడాదిపాటు ఒక్కదానివే తోసుకున్నందుకు. నాకు చెప్పడానికి నీకంత జంకెందుకని ఆలోచిస్తే, ఆ ఫోటో కింద నిలబడి నేను వాగిన వాగుడే కనిపించింది.

నాదీ ఒక అబద్ధం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళది. ఆ రోజు కొండ మొదలు నుంచీ నీ సీటు వెనక నా చెయ్యి ఉంది. నా చెప్పు తెగి ఆగిపోయేదాకా పరిగెత్తుతూ తోస్తూనే ఉన్నాను. నువ్వు ముందుకే చూస్తున్నావు, నీకు తెలియలేదు. పైకెక్కి నువ్వు అరిచిన అరుపు విన్నాక చెప్పబుద్ధి కాలేదు. అప్పటినుంచీ "ఒక్కతే ఎక్కింది" అని ఊరంతా చాటాను. అంటే నీ మొదటి మోటారుని నేనేనే. నేనూ నువ్వు తొక్కితేనే పనిచేసే రకాన్నే.

ఫోటో ఎక్కడికీ పోదు. నిన్న ఒకాయన కరెంటు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెళ్ళమనబోయి, లోపలికి రమ్మని బ్రేకులు సరిచేసి పంపాను. అలవాటు కొద్దీ ఒంటిచేత్తో ఎత్తి చూశాను కూడా. నడుం పట్టేసింది.

అన్నయ్య


నడుం పట్టేసిన అన్నయ్యకు,

కాపడం పెట్టించుకో. రిపోర్టు ఇప్పుడు తొమ్మిదింటికల్లా బల్ల మీద ఉంటోంది. బిల్లుల సెక్షను మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు. పైగా సూపర్‌వైజరు నా బండి వివరాలన్నీ కాగితం మీద రాసుకున్నాడు, వాళ్ళావిడకట.

నీ చెయ్యి సంగతి నాకు ఆ రోజే తెలుసు. నువ్వలా రొప్పుతుంటే వినపడదా? తెలిసిందంటే తీసేస్తావేమోనని నోరు మెదపలేదు. కానీ నీ చెప్పు ఎక్కడ తెగిందో నీకు గుర్తున్నట్టు లేదు. నాకుంది. చివరి మలుపు మొదట్లో. నీ రొప్పు వెనకబడిపోయింది, సైకిలు ఒక్కసారిగా బరువెక్కింది, నాకు ఏడుపొచ్చింది. అక్కడినుంచి ట్యాంకు దాకా నేనొక్కదాన్నే. అంతలా అరిచింది అందుకే.

కాబట్టి కొట్లో ఇకనుంచి లెక్క సరిగ్గా చెప్పు. కొండంతా కాదు. చివరి మలుపు మా చెల్లి ఒక్కతే ఎక్కింది, ఇప్పటికీ ఎక్కుతోంది అను.

నీ బుడంకాయ