అంతా సెట్ మేడం

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం, నా గొంతు ఒక్కటే క్షేమంగా లేదు. నిన్న ఫోనులో నీ మీద అరిచి అరిచి పోయింది. మిగిలిన కోపం కాగితం మీద పెడుతున్నాను. కాగితమైతే మధ్యలో అడ్డం వచ్చి "లైట్ తీస్కో అక్కా" అనదు.

ఏది లైట్ తీసుకోమంటావురా? ఇన్నేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని ఊళ్లో సగం మందికి కారు నేర్పాను. రేపు పొద్దున డ్రైవింగ్ స్కూలు ఓనరు ముందు, నా దగ్గర కారు నేర్చుకునే ఆ బ్యాంకు అమ్మాయికి క్షమాపణ చెప్పాలట. లేదంటే తాళాలు అప్పజెప్పి వెళ్లిపోవాలట. ఆ పనే లేకపోతే నేను ఇంట్లో కూర్చుని, మీ బావ కూరలు తరిగే తీరుకి వంకలు పెట్టుకోవాలి.

జరిగింది నువ్వు సగం కూడా చెప్పనివ్వలేదు. చలికాలం నుంచి నా బండిలో ఒక పద్ధతి పెట్టాను. నడిపేవాళ్లు కంటికి కనిపించింది కనిపించినట్టు పైకి చెబుతూ నడపాలి. ముందు బస్సు ఆగింది, ఎడమ పక్క సైకిలు, పిల్ల రోడ్డు దాటుతోంది, ఇలాగ. మిగతా మాస్టార్లు ఇదేం కామెంటరీ అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

అయితే వీళ్లకి చూసింది చెప్పడానికి మాటలే లేవురా. ముందేముంది అంటే "నార్మలే మేడం". అద్దంలో ఏం కనిపిస్తోంది అంటే "ఏముంటుంది మేడం, మామూలే". గేరు కీచుమంటుంటే "ఏం కాదు మేడం". ఏం కాదని వీళ్ల చెవిలో ఎవరు చెప్పారు? ఒక కుర్రాడు ఫుట్‌పాత్ మీదికి చక్రం ఎక్కించి, "వేరే లెవెల్ మేడం" అన్నాడు. ఒకావిడది నా ఈడే. మాటకి ముందు "బేసిక్‌గా", మాట చివర "అన్నమాట". మధ్యలో మాట ఉండదు. ఉప్పూ కారం వేసి కూరముక్కలు మరిచిపోయినట్టు.

శుక్రవారం సందు మలుపు దగ్గర ఈ బ్యాంకు అమ్మాయిని ముందేముందమ్మా అని అడిగాను. "అంతా సెట్ మేడం" అంది. ఆ సెట్‌లో ఒక ముసలాయన మంచినీళ్ల డబ్బాల బండి తోసుకుంటూ వస్తున్నాడు. ఆయన పెట్టిన కేకకి నా కాలు బ్రేకు మీద పడింది. డబ్బా ఒకటి దొర్లింది కానీ ఆయనకి దెబ్బ తగల్లేదు. ఆ పిల్ల చూయింగ్ గమ్ నములుతూనే "చిల్ మేడం, ఏం కాలేదుగా" అంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చినవి ఇక్కడ రాయను, అమ్మ ఉంటే నోరు కడిగించేది. తాళంచెవి పీక్కుని, ఆ పిల్లని అక్కడే వదిలేసి నడుచుకుంటూ స్కూలుకి వచ్చేశాను. ఆ పిల్ల ఓనరుకి ఫిర్యాదు చేసింది అందుకే.

నువ్వు మాత్రం ఏం తక్కువ? చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో కనిపించిన ప్రతి కుక్క రంగూ చెప్పి నా ప్రాణం తీసేవాడివి. ఇప్పుడు ఎలా ఉన్నావురా అంటే "నడుస్తోంది". పిల్లలెలా ఉన్నారంటే "ఉన్నారు అలా". అలా అంటే ఎలా? నేను మేనత్తనురా, జనాభా లెక్కలు రాసుకోవడానికి అడగడం లేదు.

క్షమాపణ మాత్రం నేను చెప్పను. ఓనరుకీ అదే చెబుతాను.

ఇట్లు,
లైట్ తీసుకోవడం చేతకాని
నీ అక్క

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. ఆ ముసలాయన నాకు కూడా కనిపించలేదురా. పట్టపగలు, ఎదురుగా వస్తున్న మనిషి. చలికాలం నుంచి నా కుడి కన్ను ఆవిరి పట్టిన అద్దంలా ఉంది, ఎడమది దాని వెనకే వెళుతోంది. ఆ పద్ధతి పెట్టింది అందుకే. నడిపేవాళ్ల మాటల్లోంచే రోడ్డు చూస్తున్నాను. మీ బావకి కూడా చెప్పలేదు. భయమేసింది. రేపు ఓనరుకి ఉన్నదున్నట్టు చెప్పి తాళాలు నేనే ఇచ్చేస్తాను. ఆ పిల్లకి క్షమాపణ కూడా చెబుతాను. బుధవారం కంటి డాక్టరు రమ్మన్నాడు, తోడు రా. "ఏం కాదక్కా" అని మాత్రం అనకు. చెయ్యి పట్టుకుని, దారిలో ఏ కుక్క ఏ రంగులో ఉందో చెబుతూ నడిపించు, చాలు.